‘నాన్నకి మాత్రం చెప్పకండి’

పాఠకుల ప్రశ్నలు, పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే వైద్యం) బృందం జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నయం కాదని తేలిపోయిన జబ్బుల గురించే. పేర్లు తీసేసి ఊళ్లు, వరసలు ఉంచాం. మందుల మోతాదులు రాసినచోట వాటిని మీ డాక్టరుతో మాట్లాడటానికి వాడుకోండి. సొంతంగా మొదలుపెట్టకండి.

మా నాన్నగారికి 64 ఏళ్లు. క్లోమం క్యాన్సర్ లివర్‌కి పాకింది. కీమో వల్ల ఇక లాభం లేదు, ఇంటికి తీసుకెళ్లండి అన్నారు. ఆయనకి మాత్రం ‘పేగులో పుండు, మందులతో తగ్గుతుంది’ అని చెప్పాం. తెలిస్తే ఆ బెంగతోనే పోతారని అన్నయ్యలిద్దరి భయం. మొన్న రాత్రి కాళ్లు పడుతుంటే ‘ఏమ్మా, పుండైతే మనిషి ఇంతలా చిక్కిపోతాడా?’ అని అడిగారు. మంచినీళ్లు తెస్తానని లేచి వచ్చేశాను. ఏం చెప్పాలి?
— ఒక కూతురు, తెనాలి

మీ నాన్నగారికి సగం పైగా తెలుసమ్మా. తెలియకపోతే ఆ ప్రశ్న అలా అడగరు. లుంగీ ముడి రోజురోజుకీ బిగించుకోవాల్సి రావడం ఆయన చూస్తున్నారు. ఏనాడూ గడప తొక్కని చుట్టాలు వచ్చి మంచం దగ్గర నిలబడి కళ్లు తుడుచుకోవడం చూస్తున్నారు. ఫోను రాగానే మీరు పెరట్లోకి వెళ్లి మాట్లాడటం చూస్తున్నారు. ఆయనకి కరువైంది సమాచారం కాదు, ఆ సంగతి పంచుకునే మనిషి.

దాచడం వల్ల ఏం చెడుతుందో ముందు మీ అన్నయ్యలకి అర్థం కావాలి. పుండు తగ్గాలి కదా, తగ్గట్లేదు. దాంతో ఆయనకి మందుల మీద, డాక్టరు మీద నమ్మకం పోతుంది. నొప్పి బిళ్ల కూడా ‘ఎందుకు దండగ’ అని పక్కన పెట్టేస్తారు. మాట మీద ఇచ్చిన అప్పులు, పొలం కాగితాలు, పదేళ్లుగా మాటల్లేని తమ్ముడు, వీటిలో ఒక్కటీ సర్దుకునే వీలుండదు. అన్నిటికంటే బాధ ఏమిటంటే, మీరు బాధపడతారని ఆయన కూడా తెలియనట్టు నటించడం మొదలుపెడతారు. ఒకే ఇంట్లో అందరూ ఒకరికొకరు దాచుకుంటూ గడిపేస్తారు.

చెప్పడం వల్ల మనిషి పోడు. చెప్పే తీరు చెడ్డదైతే మాత్రం కుంగిపోతాడు. ఆసుపత్రి వరండాలో నిలబెట్టి, ఒక్కసారే అంతా చెప్పేసి, ‘మూడు నెలలు’ అని లెక్క కట్టేస్తే ఎవరైనా కూలబడతారు.

అన్నయ్యలతో ‘చెప్పాలా వద్దా’ అని వాదన పెట్టుకోవద్దు. ‘చెబితే ఏమవుతుందని నీ భయం?’ అని అడగండి, పూర్తిగా వినండి. తర్వాత ఒక్క విషయానికి ఒప్పించండి: మనంతట మనం ఏదీ తెచ్చి పెట్టం, ఆయన అడిగితే మాత్రం అబద్ధం చెప్పం. దీనికి చాలా ఇళ్లలో ఒప్పుకుంటారు.

నొప్పి బిళ్ల వేసుకున్న అరగంట నుంచి గంట తర్వాత, నొప్పి తగ్గి ఉన్న వేళ చూసుకోండి. టీవీ కట్టేయండి. ఇద్దరికి మించి ఉండొద్దు. నిలబడి కాదు, ముక్కాలి పీట వేసుకుని ఆయన కళ్లకి ఎదురుగా కూర్చోండి. ఇలా మొదలుపెట్టవచ్చు: ‘మొన్న రాత్రి మీరో మాట అడిగారు నాన్నా. నేను జవాబు చెప్పకుండా లేచిపోయాను. మీకేమనిపిస్తోంది?’ అడిగి ఆగండి. మనసులో పది లెక్కపెట్టేదాకా మాట కలపొద్దు. ఆ మౌనాన్ని తట్టుకోలేక మనమే ఏదో ఒకటి అనేస్తాం, అక్కడే చెడుతుంది.

తర్వాత రెండో ప్రశ్న: ‘అన్నీ వివరంగా తెలుసుకోవాలనుందా, లేక ఆ సంగతులు మమ్మల్ని చూసుకోమంటారా?’ ‘మీరే చూసుకోండమ్మా’ అంటే అక్కడితో ఆపేయండి. తెలుసుకోకుండా ఉండే హక్కూ ఆయనదే. తెలుసుకోవాలంటే చిన్న ముక్కలుగా చెప్పండి. ‘పుండు కాదు నాన్నా, గడ్డ.’ ఆగండి. ‘లివర్ దాకా వెళ్లింది.’ ఆగండి. ‘దాన్ని పూర్తిగా తీసేసే మందు లేదంటున్నారు. నొప్పికి మందుంది, అది ఆగకుండా మేం చూసుకుంటాం. మీరు బాధపడతారని ముందు అలా చెప్పాం, తప్పయింది.’ ఆయన ఏడిస్తే ఏడవనివ్వండి. ‘ధైర్యంగా ఉండండి’ అనకండి. ఆ మాట అనగానే ఆయన తన భయం చెప్పుకోవడం మానేస్తారు.

‘ఎన్నాళ్లంట?’ అని అడిగితే అంకె చెప్పకండి, ఏ అంకె చెప్పినా తప్పుతుంది. ‘ఏళ్లు కాదంటున్నారు నాన్నా. ముందుగా ఏ పని చూసుకోవాలనుంది?’ అనండి. రెండు మూడు రోజులు నిద్ర పట్టకపోవడం, ముభావంగా ఉండటం మామూలే. ఆ తర్వాత చాలామంది తమంతట తామే ఒక్కో విషయం ఎత్తుతారు.

నాకు 47 ఏండ్లు. రొమ్ము క్యాన్సర్ వెన్నెముకలకు వచ్చింది. నాకన్నీ ఎరుకే. పొద్దంత ఎట్లనో గడుస్తది. రాత్రి రెండింటికి మెలకువ వస్తే గుండె దడదడ కొట్టుకుంటది, ఒళ్లంత చెమటలు. సచ్చిపోతనని కాదు భయం, నొప్పితోని అరుచుకుంట పోతనేమో అని. నాకు పిచ్చి లేస్తుందా?
— ఒక అక్క, హన్మకొండ

పిచ్చి కాదక్కా. రెండింటికే ఎందుకు మెలకువ వస్తోందో ముందు చూద్దాం. క్యాన్సర్ నొప్పికి ఇచ్చే గట్టి మందు మార్ఫిన్. దాని మామూలు బిళ్ల పనిచేసేది దాదాపు నాలుగు గంటలు. రాత్రి తొమ్మిదికి వేసుకుంటే ఒంటిగంట దాటేసరికి దాని పని అయిపోతుంది. నొప్పి లేపుతుంది, చీకట్లో భయం తోడవుతుంది. భయం నొప్పిని పెంచుతుంది, నొప్పి భయాన్ని పెంచుతుంది. అందుకే పడుకునే ముందు వేసే డోసు రెట్టింపు ఇవ్వడమో, పన్నెండు గంటలు పనిచేసే బిళ్లకి మార్చడమో చేస్తారు. మీరు ఏ మందు వాడుతున్నారో రాయలేదు కాబట్టి మూడు రోజులు ఒక కాగితం మీద ఇవి రాయండి: టైము, నొప్పి సున్నా నుంచి పది లోపు ఎంత, ఏ బిళ్ల వేసుకున్నారు, గంట తర్వాత నొప్పి ఎంత. ‘రాత్రి బాగా నొస్తున్నది’ అనే మాట కన్నా ఆ కాగితం చూస్తే డాక్టరుకు పని తేలిక.

నొప్పి వచ్చాక వేసుకుంటే మందు ఎప్పుడూ దాని వెనకాలే ఉరకాల్సి వస్తుంది. గడియారం చూసి వేసుకోవాలి. మధ్యలో నొప్పి పొడుచుకొస్తే అదనపు డోసు ఎంత అన్నది చీటీ మీద రాయించుకోండి. మార్ఫిన్ మొదలైన రోజే విరేచనం బిళ్ల కూడా మొదలవ్వాలి. మలబద్ధకం దాదాపు అందరికీ వస్తుంది, ఎన్నాళ్లు వాడినా పోదు. చాలామంది మార్ఫిన్ మానేసేది నొప్పి తగ్గక కాదు, ఈ మలబద్ధకం భరించలేకే. దీనికి ఇసబ్‌గోల్ పనికిరాదు, నీళ్లు తక్కువ తాగేవాళ్లలో అది పేగులో గడ్డకట్టుకుంటుంది. బిసాకోడిల్ లాంటివి రాయించుకోండి. వికారం, మత్తు మొదటి కొద్ది రోజుల్లో తగ్గిపోతాయి.

ఎముక నొప్పికి రేడియేషన్ కూడా పనిచేస్తుంది, కొందరికి ఒక్క సిట్టింగ్ చాలు. దాని గురించి అడగండి. ఒక సంగతి మాత్రం మీరూ ఇంట్లోవాళ్లూ గుర్తుపెట్టుకోండి: కాళ్లలో బలం తగ్గినా, తిమ్మిరెక్కినా, ఒంటేలు ఆగినా, దగ్గినప్పుడు వెన్ను నొప్పి నడుం చుట్టూ బెల్టు బిగించినట్టు వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి పోవాలి, తెల్లారనీ అని ఆగొద్దు. వెన్నుపాము నొక్కుకుపోతుంటే గంటలు లెక్క. నడక పోయాక తిరిగి రావడం కష్టం.

అరుచుకుంటూ పోతానన్న భయానికి జవాబు: చాలామందికి నొప్పి బిళ్లలతోనే అదుపులోకి వస్తుంది. బిళ్ల మింగలేనప్పుడు చర్మం కింద ఇచ్చే ఇంజెక్షన్లు ఉన్నాయి. చివరి రోజుల్లో ఎక్కువమంది అరవరు, నిద్రలోకి జారుకుంటారు. ‘నొప్పి ఎక్కువైతే ఏం చేస్తరు, ఎవరికి ఫోన్ చెయ్యాలె?’ అని మీ డాక్టరును సూటిగా అడిగి ఆ నంబరు గోడకు అంటించుకోండి. భయం సగం తగ్గేది అక్కడే.

మెలకువ వస్తే మంచం మీద దొర్లొద్దు. లైటు వేసి, కూర్చుని, పాదాలు నేలకు ఆనించండి. నాలుగు లెక్కపెట్టేంత ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెట్టేంత వదలండి, పదిసార్లు. ఏ భయం లేపిందో నోటుబుక్కులో ఒక్క లైను రాసి పక్కన ‘డాక్టరు’, ‘ఇల్లు’, ‘జవాబు లేదు’ అని గుర్తు పెట్టండి. చాలా లైన్లు మొదటి రెండిటిలోకే పోతాయి. ఇంట్లో ఒక్కరితో ముందే మాట తీసుకోండి, ‘రాత్రి ఎప్పుడు లేపినా ఏమనుకోవద్దు’ అని.

ఇక బాధకీ డిప్రెషన్‌కీ తేడా. బాధ అలల్లా వస్తుంది. మధ్యలో మనవరాలు నవ్విస్తే నవ్వొస్తుంది, ఇష్టమైన కూర వాసన పడుతుంది. రెండు వారాలుగా రోజంతా ఏదీ పట్టకుండా ఉంటే, ‘నేను అందరికీ బరువైన’ అన్నదొక్కటే తిరుగుతుంటే అది డిప్రెషన్. ఆకలి, నిద్ర, బరువు తగ్గడం చూసి తేల్చకూడదు, అవి జబ్బు వల్లా వస్తాయి. ‘ఇంత జబ్బులో దిగులు ఉండదా’ అని డాక్టర్లు కూడా వదిలేస్తుంటారు. అది తప్పు. మందులు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, అందుకే ఆలస్యం చేయొద్దు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తే ఆ పూటే ఇంట్లో చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి రాత్రయినా పగలయినా ఫోన్ చేయవచ్చు. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

మార్ఫిన్ ఇస్తున్నారంటే ఆఖరి ఘడియలనా? అలవాటు పడిపోదా? మా ఊళ్లో ఏ మెడికల్ షాపులోనూ దొరకలేదు.
— ఒక భర్త, కర్నూలు జిల్లా

ఆఖరి మందు కాదు, నొప్పి మందు. నెలలు, ఏళ్లు వాడేవాళ్లున్నారు. క్యాన్సర్ నొప్పికి సరైన మోతాదులో వాడితే వ్యసనం కావడం అరుదు, ఆయుష్షూ తగ్గదు. ఒళ్లు దానికి అలవాటు పడుతుంది కాబట్టి ఒక్కసారిగా మాత్రం ఆపకూడదు. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో అది ఒంట్లో పేరుకుని ఒళ్లు జెర్కులివ్వడం, లేపినా లేవనంత మత్తు రావచ్చు. అప్పుడు వెంటనే డాక్టరుకి చెప్పాలి.

షాపుల్లో దొరక్కపోవడానికి కారణం 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం. 2014లో దాన్ని సవరించి, గుర్తింపు పొందిన ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచుకోవడం తేలిక చేశారు. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో, విశాఖ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ విభాగాలున్నాయి. తెలంగాణ జిల్లాల్లో ప్రభుత్వ పాలియేటివ్ కేర్ కేంద్రాలున్నాయి, ‘ఆలన’ బృందాలు ఇంటికి కూడా వస్తాయి. మీరు ముందు మీ జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలోనూ, ఆవిడకి చికిత్స చేసిన చోటా అడగండి. బయాప్సీ రిపోర్టు, డిశ్చార్జి కాగితాలు, ఇద్దరి ఆధార్, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ వెంట ఉంచుకోండి. తెచ్చాక బీరువాలో పెట్టి బిళ్లలు లెక్క రాసుకోండి. మిగిలితే ఇచ్చినచోటే తిరిగి ఇవ్వాలి.

మా అమ్మకి 78. రెండు ముద్దలు కూడా దిగట్లేదు. పెద్దమ్మ వచ్చి ‘కడుపు మాడ్చి చంపుతున్నారు, సెలైనన్నా ఎక్కించండి’ అంటోంది. రాత్రిళ్లు అదే మాట చెవుల్లో మోగుతోంది.
— రాజమండ్రి

అమ్మ తినకపోవడం వల్ల పోవట్లేదండీ, పోయే దశలో ఉంది కాబట్టి తినలేకపోతోంది. జబ్బు ముదిరాక ఒళ్లు అన్నాన్ని వాడుకోలేదు, ఆకలీ పుట్టదు. బలవంతంగా పెడితే వాంతి అవుతుంది, లేదా ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. ఈ దశలో సెలైన్ బలం కాదు, ఉప్పునీళ్లు. బయటికి పోయే దారి లేక కాళ్లు పొంగుతాయి, గొంతులో గుర్రుగుర్రు ఎక్కువవుతుంది, ఆయాసం పెరుగుతుంది.

నోరు ఎండిపోవడం మాత్రం నిజంగా బాధే, మీ ప్రేమంతా అక్కడ చూపించండి. అర లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో అర టీస్పూన్ ఉప్పు, అర టీస్పూన్ వంటసోడా కలిపి, మెత్తటి గుడ్డ తడిపి రెండు గంటలకోసారి చిగుళ్లు, నాలుక తుడవండి. నాలుక మీద పెరుగులాంటి తెల్లపొర ఉంటే అది ఫంగస్, మందుంది. అది తగ్గితే కొందరు మళ్లీ నాలుగు చెంచాలు తాగుతారు. మజ్జిగ తేటో, కొబ్బరినీళ్లో, ఆవిడ అడిగింది తల ఎత్తిపెట్టి చెంచాతో ఇవ్వండి. పెదవులు బిగిస్తే ఆపేయండి. పెద్దమ్మగారికి ఆ గుడ్డ, గిన్నె చేతికివ్వండి. చెల్లెలికి ఏదో ఒకటి పెట్టాలన్న తపనతోనే ఆవిడ ఆ మాటంది.

మా ఆయనకి బ్రెయిన్ ట్యూమర్. బాబుకి 6, పాపకి 11. వాళ్లని అమ్మమ్మ ఇంటికి పంపేయమంటున్నారు.
— కరీంనగర్

పంపకండి. దూరంగా ఉన్న పిల్లలు ఊహించుకునేది ఇంట్లో జరిగేదానికంటే భయంకరంగా ఉంటుంది. అడిగినా అడగకపోయినా పిల్లల మనసులో మూడు ప్రశ్నలు ఉంటాయి: నా అల్లరి వల్ల వచ్చిందా? నాకూ అంటుకుంటుందా? నన్నెవరు చూస్తరు? మూడింటికీ మీరే ముందు జవాబు చెప్పండి. ‘డాడీ తలలో గడ్డ ఉంది. నువ్వు చేసిందేం లేదు, పక్కన పడుకున్నా అంటుకోదు. స్కూలుకు నేనే పంపిస్త, నేను లేకుంటే పిన్ని వస్తది.’

‘నిద్రపోయాడు’, ‘దేవుడు తీసుకెళ్లాడు’, ‘ఊరెళ్లాడు’ అనకండి. ఆరేళ్లవాడు అది నిజమే అనుకుంటాడు. పడుకోవాలంటే భయపడతాడు, లేదా రోజూ గేటు దగ్గర ఎదురుచూస్తాడు. వాడికి చావంటే తిరిగి రాకపోవడం అని ఇంకా పూర్తిగా తెలియదు. ఒకే ప్రశ్న ఇరవైసార్లు అడుగుతాడు, ఇరవైసార్లూ ఒకే జవాబు చెప్పాలి. పాపకి అర్థమవుతుంది, కానీ మిమ్మల్ని చూసి పెద్దరికం తెచ్చుకుని నోరు విప్పదు. క్లాస్ టీచరుకి చెప్పి ఉంచండి. ట్యూమర్ వల్ల ఆయన విసుక్కున్నా, అరిచినా ‘అది గడ్డ చేయిస్తున్నది, డాడీకి నీ మీద కోపం కాదు’ అని ఆ పూటే చెప్పాలి. రేపటికి వాయిదా వేస్తే పిల్ల అది మనసులో పెట్టుకుని పెరుగుతుంది.

డాలస్‌లో ఉంటున్నాను. నాన్న దగ్గరికి ఎప్పుడు రావాలి? సెలవు ఒక్కసారే దొరుకుతుంది.

మార్పు నెలనెలా కనిపిస్తుంటే ఉన్నది నెలలు, వారం వారం కనిపిస్తుంటే వారాలు, రోజురోజుకీ కనిపిస్తుంటే రోజులు. డాక్టర్లు కూడా ఈ అంచనాతోనే మాట్లాడతారు. వారం వారం మార్పు మొదలయ్యిందనగానే బయల్దేరండి. ఆయన మాట్లాడగలిగినప్పుడు పది రోజులు కూర్చోవడం, కర్మకాండకి పది రోజులు ఉండటం, రెండిట్లో ఒక్కటే వీలైతే మొదటిదే ఎంచుకోండి.

మా అత్తగారు ఆర్నెల్లుగా మంచంలో ఉన్నారు. ఒక్కోసారి ‘ఈవిడ త్వరగా పోతే బాగుండు’ అనిపిస్తుంది. నేనింత పాపిష్టిదాన్నా?
— గుంటూరు

కాదు తల్లీ. రాత్రిళ్లు రెండు గంటలకోసారి లేచి ఒత్తిగిలిపెట్టే మనిషికి ఆ ఆలోచన వస్తుంది. ఆవిడ బాధా, మీ అలసటా రెండూ తీరాలన్న కోరిక అది. వారంలో రెండు రాత్రులు మీకు పూర్తి నిద్ర కావాలి. ఆ రాత్రులు ఎవరు చూస్తారో మీ ఆయనతో, ఆడపడుచుతో కూర్చుని పేర్లు రాసుకోండి. ‘ఎవరైనా సాయం చేస్తే బాగుండు’ అంటే ఎవరూ రారు, ‘మంగళవారం రాత్రి నువ్వు’ అంటే వస్తారు.

నాన్న ఇంట్లోనే పోవాలంటున్నారు, ఐసీయూ వద్దంటున్నారు. చివరి రోజుల్లో ఏం జరుగుతుందో, మేం ఏం చేయాలో చెప్పండి.
— శ్రీకాకుళం

ఐసీయూ, వెంటిలేటర్ వద్దన్న మాట ఆయన తెలివిలో ఉండగానే రాయించండి. సుప్రీంకోర్టు 2018లో దీన్ని ఒప్పుకుంది. 2023 జనవరిలో పద్ధతి తేలిక చేసింది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలు. తన తరఫున మాట్లాడాల్సినవాళ్ల పేర్లు అందులో ఉండాలి.

చివరి రోజుల్లో నిద్ర పెరుగుతుంది, మాట తగ్గుతుంది. చేతులు, పాదాలు చల్లబడతాయి, మోకాళ్ల దగ్గర నీలం మచ్చలు వస్తాయి. ఊపిరి కాసేపు గబగబా ఆడి, కాసేపు ఆగి, మళ్లీ మొదలవుతుంది. గొంతులో గురక వినేవాళ్లకి భరించలేనట్టు ఉంటుంది గానీ, ఆ మత్తులో ఉన్న మనిషికి అది తెలియదు. మింగలేక నిలిచిన లాలాజలం మీదుగా గాలి ఆడే చప్పుడది. పక్కకి ఒత్తిగిలిపెట్టి వీపు వెనక దిండు పెట్టండి. పైపుతో లాగించొద్దు, ఇంకా ఊరుతుంది. తగ్గించే ఇంజెక్షన్ ముందే రాయించి ఉంచుకోండి. ఆయాసంగా ఉంటే చిన్న ఫ్యాను గాలి ముఖానికి తగిలేలా పెట్టండి. గిజగిజలాడితే ముందు పొత్తికడుపు తడిమి చూడండి, మూత్రం ఆగి ఉంటే ట్యూబు వేయగానే శాంతిస్తారు.

కింద దింపే ఆచారం మీ ఇంట్లో ఉంటే పరుపుతో సహా దించండి. నలుగురు పట్టుకోవాలి, నొప్పి డోసు ఇచ్చిన అరగంటకి దించాలి. ఊపిరి ఆడుతుండగా గట్టి నేలమీద గంటలు గంటలు ఉంచకండి. తులసి తీర్థం నోట్లో పోయకండి, పొలమారుతుంది. వేలు ముంచి పెదవులకి, నాలుకకి తడి చేయండి. వినిపిస్తున్నట్టే అనుకుని దగ్గరగా మెల్లగా మాట్లాడండి, ఆస్తి మాటలు బయట మాట్లాడుకోండి.

ఊపిరి ఆగాక ఎవరికీ పరుగులు పెట్టి ఫోన్ చేయనక్కర్లేదు, అంబులెన్సూ వద్దు. టైము చూసి రాసుకోండి. రావడానికి ముందే ఒప్పుకున్న డాక్టరుని పిలిచి, చనిపోయిన కారణం రాసిన సర్టిఫికెట్ తీసుకోండి. దాంతో 21 రోజుల్లోగా పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో మరణం నమోదు చేయించాలి. ఆ డాక్టరు ఎవరన్నది ఈ వారమే మాట్లాడి పెట్టుకోండి. అర్ధరాత్రి వెతుక్కోవాల్సి వచ్చినవాళ్లే కంగారుపడి చివరికి నాన్నని ఐసీయూకి తీసుకెళ్లిపోతారు.